రొయ్య వీపులో నల్ల గీత, ట్రైలోబైట్ కడుపులో పెంకు ముక్కలు

ఆదివారం రొయ్యలు తెస్తే మా ఇంట్లో వాటిని శుభ్రం చేసే పని నాదే. కొండ కింద ఊర్లో ఆదివారం పొద్దున చేపల అంగడి ఎంత రద్దీగా ఉంటుందో తిరుపతివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తల విరిచి, పెంకు ఒలిచి, వీపు మీద కత్తి మొనతో సన్నగా గీరితే నల్లటి దారంలాంటిది బయటపడుతుంది. దాన్ని గోటితో పట్టుకుని మెల్లగా లాగితే తెగకుండా తోక దాకా వచ్చేస్తుంది. అందరూ నరం అంటారు గానీ అది రొయ్య పేగు. ఆ నలుపంతా అది తిన్న తిండి. వేళ్ల మధ్య నలిపితే ఒక్కోసారి ఇసుక గరగరా తగులుతుంది.

మా అక్క కొడుకు ఈ ఏడు పదో తరగతి. పక్కన నిలబడి చూస్తా చూస్తా అడిగినాడు.

"మామా, దీన్ని చీల్చి చూస్తే ఈ రొయ్య ఏం తినిందో తెలస్తాదా?"

"తెలస్తాది."

"మరి ట్రైలోబైట్లు ఏం తినేవో ఎట్ల తెలిసింది? వాటికి పేగు యాడుంటాది, మిగిలింది రాయే గదా?"

ట్రైలోబైట్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఒక సముద్ర జీవి. దాని బొమ్మ వాడు ఏదో వీడియోలో చూసినాడు. అందులో అది సముద్రం అడుగున చెదపురుగులా పాకుతూ బురద తింటూ ఉంటే, పైనుంచి అనోమలోకారిస్ అనే పెద్ద జంతువు వచ్చి కరకరా నమిలేస్తుంది. చూడ్డానికి బాగుంది. కానీ ఆ ఒక్క సీన్‌లో ఉన్న రెండు విషయాల మీదా శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. ఎవరూ కళ్లతో చూడని జంతువు, యాభై కోట్ల ఏళ్ల కిందట ఏం తినిందో, ఎట్ల తినిందో ఎలా చెబుతారు? ఆ వారమంతా చదివి వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్నే ఇక్కడ ఒక చోట పెడుతున్నా.

ముందు మన కొండల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే వాడి రెండో ప్రశ్న అదే. తిరుమల కొండలు ఒకప్పటి సముద్ర తీరపు ఇసుక అని స్కూల్లో ఎవరో చెప్పారంట, అయితే ఇక్కడ తవ్వితే ట్రైలోబైట్ దొరకదా అని. దొరకదు. ఘాట్ రోడ్డులో వెళ్తుంటే ఒకచోట కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుకరాయి, కనిపిస్తుంది, భారత భూవిజ్ఞాన సర్వే దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లలో నూటికి ఒక్కరు కూడా దాన్ని చూడరు, అది వేరే బాధ. కింది రాయికీ పై రాయికీ మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని చెబుతారు. ఆ పై రాయి వయసే దాదాపు 160 కోట్ల ఏళ్లు. మొదటి ట్రైలోబైట్లు కనిపించేది 52 కోట్ల ఏళ్ల కిందట. అంటే ట్రైలోబైట్ పుట్టేనాటికే మన ఏడుకొండల రాయి వంద కోట్ల ఏళ్లు పైబడిన ముసలిది. మన దేశంలో ట్రైలోబైట్లు కావాలంటే హిమాలయాలకు పోవాలి, స్పితి లోయలోనో కశ్మీర్‌లోనో దొరుకుతాయి.

ట్రైలోబైట్ అంటే మూడు భాగాలది అని అర్థం. తల, నడుము, తోక అని చాలామంది అనుకుంటారు గానీ ఆ మూడు భాగాలు నిలువుగా ఉంటాయి: మధ్యలో ఉబ్బెత్తుగా ఒక పట్టీ, దానికి అటూ ఇటూ రెక్కల్లాంటి రెండు భాగాలు. రొయ్య, ఎండ్రకాయ, తేలు, జెర్రి, రోకలిబండ, వీటన్నిటిలాగే కీళ్ల కాళ్లున్న జీవి. ఇప్పటిదాకా ఇరవై వేలకు పైగా జాతులను గుర్తించారు. వేలిగోరంత కూడా లేనివి ఉన్నాయి, కెనడాలో దొరికిన ఐసోటెలస్ రెక్స్ 70 సెంటీమీటర్లు దాటింది. సుమారు 27 కోట్ల ఏళ్లు సముద్రాల్లో బతికి, 25 కోట్ల ఏళ్ల కిందటి మహా వినాశనంలో పూర్తిగా పోయాయి. కాబట్టి "ట్రైలోబైట్ ఏం తినేది?" అనే ప్రశ్నే కొంచెం తప్పు. దోమ, సీతాకోకచిలుక, చీమ ఏం తింటాయో ఒకే ముక్కలో చెప్పమన్నట్టు ఉంటుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ట్రైలోబైట్ వీపు మాత్రమే గట్టిది. పెంకు కాల్సైట్‌తో, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజంతో, గట్టిపడి ఉంటుంది. కాళ్లు, మీసాలు, మొప్పలు అన్నీ మెత్తనివి. పులికాట్ ఒడ్డున పడున్న ఎండ్రకాయను చూడండి, లోపలి కండ రెండు రోజుల్లో పోతుంది, డిప్ప ఎన్నాళ్లయినా ఉంటుంది. పైగా ఇవి పెరిగేకొద్దీ పాములాగా కుబుసం విడుస్తాయి, ఒక్క జంతువు జీవితకాలంలో ఎన్నో పెంకులు వదిలేస్తుంది, దొరికే శిలాజాల్లో చాలావరకు ఆ ఖాళీ చొక్కాలే. చొక్కా చూసి మనిషి పొద్దున ఏం తిన్నాడో చెప్పమంటే ఎట్ల?

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో ఎనిమిది వందలు పెట్టి "మొరాకో ట్రైలోబైట్" కొన్నాను. నల్లగా, నిగనిగలాడుతూ, తిప్పితే అడుగున ముద్దుగా కాళ్లు కూడా ఉన్నాయి. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే పెంకు మీద సూదిమొనంత గుండ్రటి గుంతలు, రెసిన్ గట్టిపడేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగలవి. అయినా అంత దూరం పోనక్కర్లేదు, ఆ కాళ్లు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కాళ్లతో సహా మిగిలిన ట్రైలోబైట్లు ప్రపంచం మొత్తమ్మీద అతి కొద్ది చోట్లే దొరికాయి, అవి ఎగ్జిబిషన్‌లో ఎనిమిది వందలకు రావు.

అట్లాంటి చోట్లలో ఒకటి అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ అనే ఊరి దగ్గర ఉంది. 1890ల్లో చార్లెస్ బీచర్ అక్కడ తవ్వించిన పలుచటి రాతి పొరలో ట్రయార్థ్రస్ అనే చిన్న ట్రైలోబైట్లు కాళ్లు, మీసాలతో సహా పైరైట్‌గా, అంటే బంగారంలా మెరిసే ఇనుప ఖనిజంగా, మారి ఉన్నాయి. కెనడాలోని బర్జెస్ షేల్ అనే రాతి పొరల్లో దొరికిన ఒలెనాయిడిస్ అనే ట్రైలోబైట్‌కూ కాళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఈ కాళ్లే మొదటి గట్టి సాక్ష్యం.

ట్రైలోబైట్‌కు దవడలు లేవు. రొయ్యకు, ఎండ్రకాయకు నోటి దగ్గర నమలడానికి వేరే అవయవాలు ఉంటాయి. ట్రైలోబైట్‌కు అన్నీ ఒకేలాంటి కాళ్లు, తల కింద నుంచి తోక దాకా జతలు జతలుగా. ప్రతి కాలికీ రెండు కొమ్మలు, ఒకటి నడవడానికి, పైనున్న ఈకలాంటిది ఎక్కువగా ఊపిరికి. ఆ కాలి మొదట్లో, ఒంటికి అతుక్కునే చోట, లోపలి వైపున ముళ్లు ఉంటాయి. ఎడమ కాలి ముళ్లు, కుడి కాలి ముళ్లు ఎదురెదురుగా. మధ్యలో ఒక కాలువ. జంతువు కాళ్లు కదిపినప్పుడల్లా ఆ ముళ్లు ఒకదానికొకటి రాసుకుని మధ్యలో పడిన తిండిని నలిపి, ముందుకు, నోటి వైపు నెడతాయి. మరోలా చెప్పాలంటే తొడలతో నమిలేది. వినడానికి విడ్డూరంగా ఉంది గానీ, అట్ల తినేది ఇవాళ్టికీ మన దేశంలో బతికే ఉంది. ఒడిశా తీరంలో బాలాసోర్ వైపు వలల్లో పడే హార్స్‌షూ క్రాబ్, గుర్రపు నాడా ఆకారంలో గోధుమరంగు డిప్పతో ఉంటుంది, పేరుకు క్రాబ్ గానీ ఎండ్రకాయ కంటే తేలుకు, సాలీడుకు దగ్గర చుట్టం. దానికీ దవడలు లేవు, కాళ్ల మొదట్లోని ముళ్లతోనే తిండిని నలుపుతుంది. నడక, నమలడం రెండూ అవే కాళ్లతో. మావాడికి ఇది చెబితే, "అయితే అది కూర్చుని తినలేదా మామా, పాపం" అన్నాడు.

దీన్నుంచి 2021లో ఇంకో అడుగు ముందుకు వేశారు. హార్స్‌షూ క్రాబ్ కాలినీ, కేంబ్రియన్ కాలపు, అంటే సుమారు 50 కోట్ల ఏళ్ల కిందటి, జంతువుల కాళ్లనూ కంప్యూటర్‌లో త్రీడీ నమూనాలుగా చేసి, వంతెన కట్టే ఇంజనీర్లు ఏ భాగం మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క చూస్తారే, అదే పద్ధతిలో పరీక్షించారు. పొట్టిగా, దిట్టంగా ఉన్న ముళ్లు పెంకును పగలగొట్టగలవు, పొడుగ్గా సన్నగా ఉన్నవి మెత్తటిదాన్ని చీల్చడానికే పనికొస్తాయి. ఆస్ట్రేలియాలోని కంగారూ ద్వీపంలో దొరికిన రెడ్‌లిచియా రెక్స్ అనే ట్రైలోబైట్, 30 సెంటీమీటర్ల దాకా పెరిగేది, పెంకులు పగలగొట్టగల రకమని తేలింది. అదే రాళ్లలో ట్రైలోబైట్ పెంకు ముక్కలతో నిండిన పెంటలు కూడా రాయిగా మారి దొరికాయి. అవి వేసింది బహుశా ఈ రెక్సే, తిన్నది తన జాతి పిల్లలను కూడా కావచ్చు. బురద తినే అమాయక జీవి అనే బొమ్మ ఇక్కడే సగం చెదిరిపోతుంది.

మరి కాళ్లు దొరకని వేల జాతుల మాటేంటి? దానికి రిచర్డ్ ఫోర్టీ, రాబర్ట్ ఓవెన్స్ అనే శాస్త్రవేత్తలు 1999లో మంచి దారి చూపించారు. ట్రైలోబైట్ తల కింద, నోటికి ముందు, హైపోస్టోమ్ అని ఒక గట్టి పలక ఉంటుంది, అదీ కాల్సైటే కాబట్టి శిలాజంగా మిగులుతుంది. కొన్ని జాతుల్లో ఈ పలక తల అంచుకు గట్టిగా అతికి ఉంటుంది, కొన్నిట్లో దేనికీ అతుక్కోకుండా మెత్తటి చర్మంలో వేలాడుతుంది. రోట్లో గట్టి గింజ దంచాలంటే రోలు కదలకూడదు గదా, అట్లే అతికి ఉన్న పలక వెనక పెద్ద తిండిని నొక్కి పట్టి నలపవచ్చు, కాబట్టి అవి వేటాడేవో, కళేబరాలు తినేవో అయ్యుండాలి. కొన్నిటికి ఆ పలక వెనక అంచు రెండు పళ్ల ఫోర్కులా చీలి ఉంటుంది కూడా. వేలాడే పలక ఉన్నవి చిన్న చిన్న రేణువులు ఏరుకుని తినేవి. ఇది ఊహే, కానీ ఆకారం నుంచి పనికి పోయే పద్ధతిగల ఊహ. నాకు నచ్చిందేంటంటే వాళ్లు వీపు మీది ముళ్లనూ కొమ్ములనూ చూసి మురిసిపోకుండా నోటి దగ్గర మొదలుపెట్టారు.

2024లో ఈ నోటి కథకు ఒక చేర్పు వచ్చింది. మొరాకోలో సుమారు 51 కోట్ల ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి, మండే బూడిద సముద్రంలోకి దిగి, అక్కడున్న ట్రైలోబైట్లను నిమిషాల్లో పోత పోసినట్టు కప్పేసింది. ఇటలీలోని పాంపే నగరంలో మనుషులకు జరిగిందే. చదును కాకుండా నిండు ఆకారంలో మిగిలిన ఆ జంతువుల్లో నోరు సన్నటి చీలికలా ఉందనీ, హైపోస్టోమ్‌కు ఆనుకుని మెత్తటి పెదవిలాంటి భాగం ఉందనీ మొదటిసారి కనబడింది. ఇన్నేళ్లుగా గట్టి పలక ఒక్కటే చూసి నోటి గురించి మాట్లాడుతున్నాం, పెదవి ఉందని ఇప్పుడు తెలిసింది.

పెంకులు, కాళ్లు కాకుండా మూడో రకం సాక్ష్యం జాడలు. బురదలో ట్రైలోబైట్ గుంత తీసుకుని కూర్చుంటే కాఫీ గింజ ఆకారంలో, మధ్యలో గీతతో ఒక అచ్చు పడుతుంది. అమెరికాలోని మిస్సోరీలో ఇట్లాంటి అచ్చులు, పురుగులు చేసుకున్న సన్నటి బొరియలు ఒకదాన్నొకటి కలుస్తూ దొరికాయి. అనుకోకుండా కలిస్తే ఎట్లపడితే అట్ల, అన్ని కోణాల్లో కలవాలి. కానీ ట్రైలోబైట్ చాలాసార్లు పురుగు బొరియకు సమాంతరంగా, దాని పొడవునా వచ్చి కూర్చుంది. అట్ల కూర్చుంటే రెండు వైపుల కాళ్ల మధ్యలో పురుగు పొడుగ్గా ఇరుక్కుంటుంది, పైన చెప్పిన కాలువలో. ఇది పట్టుకుని తినడానికే కూర్చోవడం. చుట్టుపక్కల చచ్చిన జంతువు ఒక్కటీ లేకుండా, వేట జరిగిన జాగా మాత్రం మిగిలింది.

ఇక మావాడు అడిగిన పేగు దగ్గరకు వద్దాం. 1908లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో, రోకిట్‌సానీ అనే ఊరి పొలాల్లో దొరికే గుండ్రటి రాతి బంతుల్లో ఒకదానిలో బోహెమోలైకస్ అనే ట్రైలోబైట్ బయటపడింది, 46.5 కోట్ల ఏళ్ల నాటిది. పగిలిన చోట మధ్య పట్టీలో ఏవో పెంకు ముక్కలు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ రాయిని కోస్తే పాడైపోతుంది, అందుకని వందేళ్లకు పైగా అట్లే ఉంచారు. చివరికి పీటర్ క్రాఫ్ట్ బృందం దాన్ని సింక్రోట్రాన్ అనే బలమైన ఎక్స్‌రే యంత్రంలో పెట్టి, రాయిని తాకకుండా లోపలంతా త్రీడీలో చూసి, 2023 సెప్టెంబర్‌లో నేచర్ పత్రికలో ఫలితం చెప్పింది. ఒక ట్రైలోబైట్ కడుపులోని తిండిని ముక్కలతో సహా పేరుపెట్టి చెప్పగలగడం అదే మొదలు.

ఆ పేగు ఖాళీ లేకుండా కిక్కిరిసి ఉంది. ఆస్ట్రాకాడ్‌లు, అంటే రెండు చిప్పల మధ్య ఉండే ఆవగింజంత రొయ్య చుట్టాలు, కొన్ని పగలకుండా నిండుగా. ఆల్చిప్పల ముక్కలు. శంకువు ఆకారంలో ఉండే హయోలిత్‌ల ముక్కలు. సముద్ర నక్షత్రాలకు దూరపు బంధువులైన, ఇప్పుడు లేని ఒక రకం జీవుల పలకలు. దీన్నిబట్టి ఇది ఏరుకుని తినే రకం కాదు. నోట్లో పట్టేంత చిన్నదైతే అట్లే మింగింది, కొంచెం పెద్దదై తేలిగ్గా విరిగేదైతే నలిపి మింగింది. బతికున్నదా చచ్చిందా అని చూసుకున్నట్టు లేదు. పెళ్లి భోజనంలో ఆకు మీద పడింది పడినట్టు లాగించేవాళ్లు ఉంటారే, ఆ బాపతు.

ఇంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఆ ముక్కల అంచులు. గవ్వ మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలు వచ్చి మెల్లగా కరుగుతుంది, పులుపుకూ సున్నానికీ పడదు. ఈ ట్రైలోబైట్ పేగులో సున్నపు పెంకులు అంతసేపు ఉన్నా వాటి అంచులు కరగలేదు, పదునుగా అట్లే ఉన్నాయి. కాబట్టి దాని కడుపులో మన కడుపులోలాగా ఆమ్లం లేదు, తటస్థంగానో కొంచెం క్షారంగానో ఉండాలి. ఇవాళ్టి ఎండ్రకాయల్లో, హార్స్‌షూ క్రాబ్‌లో కూడా అంతే. కడుపులోని పీహెచ్‌ను 46 కోట్ల ఏళ్ల తర్వాత ఒక పెంకు అంచు చూసి చెప్పారంటే నేను రెండుసార్లు చదివిగానీ నమ్మలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. చచ్చి బురదలో పూడిన ఈ ట్రైలోబైట్‌ను చిన్న జీవులు వచ్చి పొడుచుకు తిన్న బొరియలు దాని ఒంట్లో ఉన్నాయి. తల కింది మెత్తటి కండలోకి దూరాయి గానీ, తిండితో నిండిన పేగు జోలికి మాత్రం పోలేదు. చచ్చాక కూడా జీర్ణరసాలు పని చేస్తూ ఆ భాగం వాటికి పడనిదిగా ఉండి ఉంటుందని పరిశోధకుల అంచనా. తిన్నదాన్ని తినడానికి వచ్చినవి, ఏది వదిలేశాయో కూడా రాతిలో ఉంది.

అయితే ఇది ఒక జాతిలో, ఒక జంతువు, చివరిగా తిన్న ఒక్క పూట తిండి. కుబుసం విడిచే ముందు పెంకును పగలదీయడానికి కడుపు ఉబ్బేలా తినుంటుందేమో అనే మాట కూడా ఉంది. అదే నిజమైతే మామూలు రోజుల్లో ఇంత తినకపోయి ఉండొచ్చు. మన ఇంటికి ఎవరైనా సంక్రాంతి రోజు వచ్చి చూసి, వీళ్లు రోజూ అరిసెలే తింటారని రాసుకుపోతే ఎట్లుంటుందో అట్ల.

ఇక ఆ వీడియోలోని విలన్. అనోమలోకారిస్ అంటే వింత రొయ్య. 1892లో జోసెఫ్ వైటీవ్స్ వర్ణించింది దాని ముందు చేయి మాత్రమే, ముళ్లతో వంగి ఉన్న ఆ ముక్కను తల లేని రొయ్య ఒళ్లు అనుకున్నాడు. 1911లో చార్లెస్ వాల్కాట్ దీని దగ్గరి బంధువు నోటిని, అనాస ముక్క మధ్యలో బెజ్జంలా ఉండేదాన్ని, జెల్లీఫిష్ అన్నాడు, ఇంకో ముక్కను సముద్ర దోసకాయ అనే జీవి అన్నాడు. 1985లో గానీ హ్యారీ విటింగ్టన్, డెరెక్ బ్రిగ్స్ ఇవన్నీ ఒకే రకం జంతువు ముక్కలని అతికించి చూపలేదు. రొయ్య, జెల్లీఫిష్, దోసకాయ కలిస్తే ఒక జంతువు! అయిదుగురు గుడ్డివాళ్లు ఏనుగును తడిమిన కథ మనకు తెలుసు, ఇక్కడ వాళ్లకు ఆ ఏనుగు ఒకటుందని కూడా తెలియదు.

అతికించాక అది భయంకరంగా కనిపించింది. ముందుకు చాచిన రెండు ముళ్ల చేతులు, గుండ్రటి నోరు, కాడల మీద పెద్ద కళ్లు. కంగారూ ద్వీపంలో దొరికిన ఈ కుటుంబపు జంతువు కంటిలో పదహారు వేలకు పైగా కటకాలు లెక్క తేలాయి, ఈగ కంటిలో ఉండేవి మూడు నాలుగు వేలు. అదే కాలంలో ఒక పక్క కొరికేసినట్టు గాయాలున్న ట్రైలోబైట్లు దొరుకుతున్నాయి. ఇంకేముంది, కొరికింది ఇదే అని కేసు మూసేశారు. పోలీసులు ఊర్లో పాత దొంగను పట్టుకున్నట్టే.

జేమ్స్ హగడార్న్ 2010లో ఆ నోటికి నమూనా కట్టి, ట్రైలోబైట్ పెంకును అది పగలగొట్టలేదని చెప్పాడు. గట్టివి కొరికితే నోటి పలకల మొనలు అరగాలి, విరగాలి, అట్లాంటి గుర్తులూ లేవు. తర్వాత 2023లో రస్సెల్ బిక్‌నెల్ బృందం చేతుల మీద పడింది. ఇప్పటి కొరడా తేళ్లు వేటను పట్టుకునే చేతులతో పోల్చి, ఒత్తిడి లెక్కలు వేసి, నీళ్లలో ఈదే తీరును కూడా కంప్యూటర్‌లో ఆడించి చూసింది. ఆ చేతులు ముందుకు చాచి వేగంగా దూసుకెళ్లడానికి బాగా సరిపోతాయి, గట్టి పెంకును పట్టుకుంటే ముళ్లు దెబ్బతింటాయి. నీళ్లలో ఈదే మెత్తటి జీవులను వెంటాడి పట్టేదన్నది వాళ్ల మాట. వేటగాడే, ఆ కేసులో మాత్రం నిందితుడు కాదు. ట్రైలోబైట్‌లను తిన్నట్టు కడుపులో ముక్కలతో సహా దొరికినది సిడ్నీయియా అనే ఇంకో జీవి. బొమ్మలో చూస్తే అంత గొప్పగా ఉండదు, వెడల్పాటి రొయ్యలా ఉంటుంది, అందుకే పోస్టర్ల మీదికి ఎక్కలేదు.

అనోమలోకారిస్ బంధువులందరూ వేటగాళ్లు అనుకుంటే మళ్లీ తప్పే. 2014లో గ్రీన్‌లాండ్ నుంచి టామిసియోకారిస్ అనే దాన్ని వివరించారు. అవే చేతులు, కానీ ముళ్లకు పక్కన దువ్వెన పళ్లలా సన్నటి ముళ్లు, మధ్య సందు దాదాపు అర మిల్లీమీటరు. దానితో నీళ్లను జల్లెడపట్టి నీళ్లలో తేలే చిన్న చిన్న జీవులను తినేది. మరుసటి ఏడు మొరాకో నుంచి ఈజిరోకాసిస్ వచ్చింది, రెండు మీటర్ల పొడవు, 48 కోట్ల ఏళ్ల నాటిది, అదీ జల్లెడపట్టేదే. ఇప్పటి సముద్రంలో అన్నిటికంటే పెద్దదైన నీలి తిమింగలం కూడా వడకట్టుకునే తింటుంది గదా.

సముద్రపు తేళ్ల (తేలులా కనిపించే, ఇప్పుడు లేని నీటి జీవులు) కథా ఇట్లాంటిదే, కాబట్టి తొందరగా చెప్పేస్తా. జర్మనీలో దొరికిన యేకెలాప్టెరస్ డెక్క ఒక్కటే 46 సెంటీమీటర్లు, దాన్నిబట్టి ఒళ్లు రెండున్నర మీటర్లని 2007లో అంచనా వేశారు. దాని కళ్లు చురుకైనవే, వేటాడే రకమే. దాని దగ్గరి బంధువు అక్యుటిరామస్‌కూ పెద్ద డెక్కలున్నాయి, కానీ 2014లో కంటి కటకాలు కొలిస్తే చూపు అంత పదును కాదని తేలింది. అంతకుముందే ఆ డెక్క గట్టి పెంకులకు సరిపోదని ఇంకొకరు లెక్క తీసి ఉన్నారు. మసక వెలుతురులో నిదానమైన మెత్తటి జీవులను పట్టుకుని కోసుకుతిని ఉండాలి. ఇంకో తేలు, హిబర్టాప్టెరస్, మనిషంత ఉండి, కాళ్లకున్న కుచ్చులతో బురదను చీపురులా ఊడ్చి అందులో దొరికింది తినేది. అది ఒళ్లు ఈడ్చుకుంటూ నడిచిన ఆరు మీటర్ల జాడ స్కాట్లాండ్‌లో రాతి మీద ఇప్పటికీ ఉంది.

కొన్ని ట్రైలోబైట్లు నోటితో పెద్దగా పని పెట్టుకోలేదేమో అని కూడా ఫోర్టీ 2000లో ఒక మాట అన్నాడు. ఒలెనిడ్‌లు అనే కుటుంబం ప్రాణవాయువు తక్కువగా, కుళ్లిన గుడ్ల వాసనొచ్చే గంధకపు బురదలో బతికింది. ఒళ్లు వెడల్పు, పెంకు పలుచన, నోటి పలక చిన్నదైపోయింది. గంధకంతో బతికే బ్యాక్టీరియాను మొప్పల దగ్గర పెంచుకుని వాటి మీద ఆధారపడి ఉండొచ్చన్నది ఆయన ఊహ. ఇవాళ కొన్ని సముద్రపు ఆల్చిప్పలు చేసేది అదే. నాకు ఈ ఊహ ఇష్టం, కానీ బ్యాక్టీరియా జాడ చేతికి దొరకనంతవరకు దీన్ని బోహెమోలైకస్ పక్కన కూర్చోబెట్టలేం.

చివరగా వాలిసెరాప్స్. మొరాకో ట్రైలోబైట్, తల ముందుకు పొడుచుకొచ్చిన అచ్చమైన త్రిశూలం. మావాడు ఫొటో చూడగానే "చేపలు పొడిచేదానికి" అన్నాడు, చాలామంది పెద్దలూ బురద తవ్వడానికనో వేటకనో అనుకున్నారు. 2023లో ఫోర్టీ, అలన్ గిష్లిక్ ఒక లోపమున్న శిలాజాన్ని పట్టుకున్నారు, దాని త్రిశూలానికి మూడుకు బదులు నాలుగు మొనలు. వంకరగా పుట్టిన ఆ శూలంతోనే అది పెరిగి పెద్దదైంది. తిండికే ఆ శూలం అవసరమైతే అది చిన్నప్పుడే పస్తులతో చచ్చేది. కాబట్టి అది తిండి పనిముట్టు కాదు, మగవి ఆడవాటి కోసం ఒకదాన్నొకటి తోసుకోవడానికి, మన పేడపురుగు కొమ్ములాగా, అని వాళ్ల వాదన. ఒక్క అవిటి జంతువుతో ఇంత తేల్చడం నాకు భలే అనిపించింది.

ఇదంతా విన్నాక వాడు ఊరుకుంటాడా? మరుసటి ఆదివారం రొయ్యలు తెచ్చేసరికి ఒక నోట్‌బుక్కు, నా భూతద్దం పట్టుకుని సింక్ దగ్గర నిలబడ్డాడు. నేను లాగిన పేగులన్నీ తెల్ల పళ్లెంలో వరసగా పెట్టి, పిన్నీసుతో ఒక్కోటి చీల్చి రాసుకున్నాడు. నెల్లూరు వైపు చెరువుల్లో పెంచిన రొయ్యలు, కాబట్టి చాలావాటిలో ఒకే రకం గోధుమరంగు పిండి. చేపల పొడి, సోయా కలిపి గుళికలు చేసి వేస్తారని చెప్పినా. "అయితే ఇంకో నలభై కోట్ల ఏళ్లకు ఎవరైనా చూస్తే, రొయ్యలు సముద్రంలో సోయా పండించుకునేవి అనుకుంటారు" అని నవ్వి రాసుకున్నాడు. రెండింటిలో ఇసుక. ఒకదానిలో పచ్చగా ఏదో పోగు, దాని ఎదురుగా ప్రశ్నార్థకం పెట్టాడు.

చివరి మూడు రొయ్యలకు గీత కనబడలేదు. వీపు చీల్చినా పేగు గాజుపోగులా తేటగా ఉంది, లోపల ఏమీ లేదు. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి నా వైపు చూశాడు.

"మామా, వీటికి ఏం రాయల్లా? ఏమీ తినవు అనా, తినలేదు అనా?"

లోపల్నుంచి మా అక్క మసాలా మాడిపోతోందని అరుస్తోంది.